క్లియర్‌స్క్రీన్‌తో గణపతి పూజ

మన ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్ రికార్డుల్లో రెండంకెలు కూడే ప్రోగ్రామ్‌కి కూడా మొదట్లో క్లియర్‌స్క్రీన్, చివర్లో గెట్‌చ్ ఉంటాయి. ముందు గణపతి పూజ, ఆఖర్న మంగళహారతి అన్నట్టు. ఎందుకు రాశావోయ్ అని ఇంటర్వ్యూలో ఫ్రెషర్‌ని అడిగితే "అలాగే రాయాలి సార్" అంటాడు.

అసలు ఈ రెండూ సి భాషలోవి కావు. 1989 నాటి ఆన్సీ ప్రమాణంలో కోనియో హెడరే లేదు. టర్బో సి లో పాత రన్ తాలూకు అవుట్‌పుట్ తెరమీద అలాగే ఉండిపోయేది, అందుకని తుడిచేవాళ్ళు. ప్రోగ్రామ్ అవగానే ఎడిటర్ వచ్చి కప్పేసేది, అందుకని కీ నొక్కేదాకా ఆపేవాళ్ళు. అంతే! (ఆల్ట్ ఎఫ్5 కొడితే ఆ తెర మళ్ళీ కనబడేది. అది మాత్రం ఎవరూ చెప్పరు.)

పాతవని కాదు నా గొడవ. ప్రోగ్రామ్ రాసేది తెరమీదే అన్న అపోహని ఈ ఉదాహరణలు బుర్రకెక్కిస్తాయి. అవతల చివర టెర్మినల్ ఉండొచ్చు, ఫైలుండొచ్చు, ఇంకో ప్రోగ్రామ్ ఉండొచ్చు. టెక్స్ట్‌కలర్‌తో ఎరుపు పెట్టి, ప్రింట్ఎఫ్ వాడి, రంగు రాలేదేంట్రా అని తల గోక్కున్నవాళ్ళు ఎంతమందో! ఆ రంగు సీప్రింట్ఎఫ్‌కే పడుతుంది. అది తిన్నగా తెరకి రాస్తుంది, ప్రింట్ఎఫ్ స్టాండర్డ్ అవుట్‌పుట్‌కి రాస్తుంది. ఈ తేడా ఒక్కటి క్లాసులో చెబితే సగం యూనిక్స్ వచ్చినట్టే.

చెప్పకపోతే ఆ కుర్రాడే ఉద్యోగంలో చేరి, ఎర్రర్ మెసేజీలకి ఎరుపు ఎస్కేప్ కోడ్‌లు అంటిస్తాడు. టెర్మినల్‌లో భలే మెరుస్తాయి. అర్ధరాత్రి ప్రొడక్షన్ లాగ్‌లో, ఎర్రర్ అనే మాటతో మొదలయ్యే లైన్ల కోసం గ్రెప్ కొట్టేవాడికి ఒక్కటీ తగలదు. ఎందుకంటే లైను మొదలయ్యేది ఎస్కేప్ అక్షరంతో! అవతల ఉన్నది టెర్మినలా కాదా అని ఐఎస్‌ఏటీటీవై అనే ఒక్క ఫంక్షన్‌ని అడిగి ఉంటే ఈ పాట్లుండవు.

"బిగినర్లకి ఇవన్నీ ఎందుకండీ?" అంటారు. అయ్యా, బిగినర్‌కి తెర తుడవాల్సిన పనే లేదు. తుడవాల్సిన రోజు వస్తే ఎస్కేప్, స్క్వేర్ బ్రాకెట్, 2, జె చూపించండి. 1978 నాటి వీటీ100 టెర్మినల్‌కి తెలిసినవే అవి. లినక్స్‌లో ఆడతాయి, 2016 నుంచి విండోస్ 10 కన్సోల్‌లో కూడా (మోడ్ ఆన్ చెయ్యాలి). తెరంతా వాడే గేమ్ రాస్తానంటే కర్సెస్ ఉండనే ఉంది.

రికార్డులు దిద్దే మాస్టార్లూ, ఆ రెండు లైన్లూ, కోనియో హెడరూ కొట్టేసి జీసీసీతో ఓసారి కంపైల్ చేయించండి. కూడిక అలాగే వస్తుంది.