పేరు చెప్పని కులం: అబర్డీన్ బజార్ నుంచి కొన్ని సినిమాలు

సినిమా విమర్శ నా రంగం కాదు. నా పరిశోధన వేరే విషయం మీద. వారాంతంలో కుదిరితే ఒక సినిమా చూసే మామూలు ప్రేక్షకుల్లో నేనూ ఒకరిని. కాకపోతే నేను చూసే చోటు వేరు. పోర్ట్ బ్లెయిర్‌ను 2024 సెప్టెంబర్ నుంచి ప్రభుత్వం శ్రీ విజయ పురం అంటోంది. ఆ ఊళ్ళో అబర్డీన్ బజార్ మాది. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చేదాకా ఇక్కడ నెట్‌లో సినిమా చూడటం కలలో మాట. మొబైల్ షాపులో మెమరీ కార్డులోకి ఎక్కించుకున్నవే మాకు గతి. కేబుల్ వచ్చాక మెయిన్‌లాండ్ వాళ్ళతో పాటే మేమూ చూస్తున్నాం. అలా చూసిన కొన్నిటి గురించే ఈ నాలుగు మాటలు.

ముందు ఇక్కడి లెక్క ఒకటి చెప్పాలి. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభా 3.8 లక్షలు. అందులో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 13 శాతం, అంటే 50 వేల పైమాట. చాలా కుటుంబాల మూలాలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల్లో ఉన్నాయి. అదే జనగణనలో ఇక్కడి షెడ్యూల్డ్ కులాల జనాభా సున్నా. ఈ కేంద్రపాలిత ప్రాంతానికి ఎస్సీ జాబితాయే లేదు కాబట్టి ఆ సున్నా. శ్రీకాకుళంలో మాల, మాదిగ, రెల్లి అయిన మనిషి ఇక్కడ ఓడ దిగితే ఈ ప్రాంతం కాగితాల్లో ఏమీ కాదు. రిజర్వేషన్ హోదా రాష్ట్రం దాటితే వెంట రాదని 1990లో మర్రి చంద్రశేఖర్ రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసింది కూడా ఆంధ్రప్రదేశ్ నుంచి బొంబాయి వెళ్ళిన ఒక తెలుగు ఎస్టీ విద్యార్థే.

ఇక్కడే పుట్టిన నాకు ఒక ఆఫీసు కిటికీ దగ్గర వచ్చిన జవాబు ఒక్కటే: "ఇక్కడ ఎస్సీలు ఎవరూ లేరు." మరి మా ఇంటికొచ్చే పెళ్లి సంబంధాలు కులం అడిగాకే ఎందుకు ముందుకు నడుస్తాయో ఆ కిటికీలో జవాబు లేదు.

మన తెలుగు సినిమా కూడా చాలాసార్లు ఆ కిటికీలాగే మాట్లాడుతుంది. 'కలర్ ఫొటో' (2020) చూడండి. మచిలీపట్నం కథ. అబ్బాయి నల్లవాడు కాబట్టి అమ్మాయి అన్న ఒప్పుకోడని కథ చెబుతుంది. అమ్మాయి పేరు దీప్తి వర్మ, అన్న పేరు రామరాజు. ఆ పేర్లు ఏ ఇంటివో తెలుగు ప్రేక్షకులకు ఎవరూ చెప్పక్కర్లేదు. కథలో కులం కూర్చుని ఉంది, దాని కుర్చీ మీద మాత్రం 'రంగు' అని రాశారు. సినిమా నాకు నచ్చింది. ఏడిపించింది కూడా. ఆ ఏడుపుకు అసలు కారణం ఎందుకు దాచారన్నదే నా ప్రశ్న.

'ఉప్పెన' (2021)లో మత్స్యకారుల కుర్రాడు పెద్దింటి అమ్మాయిని ప్రేమిస్తాడు. తండ్రి వేసిన శిక్ష ఎంత క్రూరమైనదో అందరికీ గుర్తే. అది పరువు పేరుతో కులం చేసే హింస. చివర్లో మాత్రం చర్చ అంతా మగతనం అంటే ఏమిటన్న దగ్గరకు పోతుంది. మంచి ప్రశ్నే. కానీ కత్తి పట్టిన చెయ్యి ఎవరిదన్న ప్రశ్న పక్కకు జరిగిపోయింది.

'తండేల్' (2025) మా జంగ్లీఘాట్‌లో బాగా ఆడిన కబురు. అక్కడ పడవలు నడిపేవాళ్ళలో శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. 2018 చివర్లో పాకిస్తాన్‌కు చిక్కి 2020 జనవరిలో విడుదలైన మత్స్యకారుల కథ అది. అంత పొడవు తీరం ఇంటి ముందే పెట్టుకుని, వాళ్ళు గుజరాత్‌లో పరాయి బోట్ల మీద కూలికి ఎందుకు పోవాలి? మా వాళ్ళు ఈ దీవులకు ఎందుకు రావాల్సి వచ్చింది? రెండు ప్రశ్నలకూ మూలం ఒకటే. సినిమా దాన్ని కాస్త తాకి, జైలు గోడల మధ్య జెండా దగ్గరకు వెళ్ళిపోయింది.

పేరు పెట్టి చెప్పినవి లేవా అంటే ఉన్నాయి. కరుణ కుమార్ తీసిన 'పలాస 1978' (2020) జీడిపప్పు ఊళ్ళో కళాకారుల కులం ఏమవుతుందో దాచకుండా చూపింది. శేఖర్ కమ్ముల 'లవ్ స్టోరి' (2021) హీరోను దళిత క్రైస్తవ కుటుంబంలో పెట్టింది. పెద్ద స్టార్ ఆ పాత్ర చేసినా జనం థియేటర్లకు వచ్చారు. కులం పేరెత్తితే సినిమా ఆడదన్న వాదన అక్కడే తేలిపోయింది. బజార్‌లో మా పక్క షాపు తమిళ అన్న 'పరియేరుమ్ పెరుమాళ్' (2018) గురించి ఇప్పటికీ మాట్లాడతాడు. "మీ వాళ్ళు ఇలా ఎందుకు తియ్యరు?" అని అడుగుతాడు.

దీనికి ఎదురు మాట నాకు తెలుసు. అండమాన్ మినీ ఇండియా, ఇక్కడ కులాలు లేవు, లేనిదాన్ని తవ్వడం ఎందుకు అంటారు. సినిమాల గురించీ అదే అంటారు: కళకు కులం ఎందుకు? ఇక్కడ పట్టింపు తక్కువన్నది కొంతవరకు నిజమే. ఒకే టీకొట్టు, ఒకే బడి. నల్లనీళ్ళు దాటితే కులం పోతుందని పాత శాస్త్రాలే భయపెట్టాయి. కానీ పెళ్లి దగ్గర, పారిశుద్ధ్యం పని దగ్గర అది పోలేదు. కులం మనిషితో పాటే సముద్రాలు దాటి ప్రపంచ సమస్య అవుతుందన్న హెచ్చరికను 1916లోనే అంబేద్కర్ తన తొలి పత్రంలో గుర్తు చేశారు. పేరు తీసేస్తే వివక్ష పోదు. వివక్ష మీద ఫిర్యాదు చేసే దారి మాత్రం పోతుంది.

అందుకే సినిమా గురించి నా కోరిక చిన్నదే. ప్రతి కథా కులం గురించే ఉండాలని కాదు. కథలో కులం ఉన్నప్పుడు దాన్ని రంగు అని, అంతస్తు అని, పరువు అని మారుపేర్లతో పిలవొద్దు. 2025 ఏప్రిల్ 30న కేంద్ర మంత్రివర్గ రాజకీయ వ్యవహారాల కమిటీ వచ్చే జనగణనలో కులగణన కూడా ఉంటుందని నిర్ణయించింది. అబర్డీన్ బజార్‌లో మా తలుపు తట్టే ఎన్యూమరేటర్ కూడా కులం అడుగుతారు. ఎస్సీ జాబితా లేని చోట మా జవాబును ఏ గడిలో రాస్తారో చూడాలి. జవాబు మాత్రం మేం పేరు పెట్టే చెబుతాం. మన దర్శకులు కూడా చెప్పొచ్చు, వినడానికి ప్రేక్షకులం సిద్ధంగానే ఉన్నాం.