దయ్యం మీద నెట్టేస్తే సరా?

సంక్రాంతి మూడు రోజులూ కోనసీమలో కోడిపందేల బరులు లేస్తాయి. 1974 నాటి జూద నిషేధ చట్టం ఉంది, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ఉంది, 2016లో హైకోర్టు ఇచ్చిన ఆదేశమూ ఉంది. అయినా కోడి కత్తి ఆగదు. పక్కనే గుండాట, పేకాట, మందు. ఆ బరుల చుట్టూ మూగేవాళ్లలో ఆదివారం మందిరంలో రొట్టె విరిచే చేతులూ ఉంటాయి. కువైట్‌లో, ఖతర్‌లో ఇంటిపని చేసి ఆడవాళ్లు పంపిన డబ్బు కొన్ని ఇళ్లలో కనుమ సాయంత్రానికి కరిగిపోతుంది.

పండగ వెళ్లాక ఇంకో తంతు మొదలవుతుంది. "సాతాను పడేశాడండీ" అంటాడు ఓడినవాడు. "జూదపు ఆత్మ పట్టింది, ఉపవాస కూడికకు తీసుకురండి" అంటారు కొందరు దైవజనులు. తల మీద చెయ్యి, నుదుట నూనె, ఆపైన ఒక సాక్ష్యం. మళ్లీ భోగి దాకా నిశ్చింత. శోధన బయటినుంచి వచ్చి పడుతుందట, దాన్ని దించడం అభిషేకం పొందినవారి పనట, మన వంతు నమ్మడమేనట. ఈ అభిప్రాయం మన సంఘాల్లో వేళ్లూనుకుంది. దీన్ని నేను విశ్వాసం అనను, బాధ్యత ఎగవేత అంటాను.

నూనెకు ఆధారం అడిగితే యాకోబు పత్రిక అయిదో అధ్యాయం చూపిస్తారు. అక్కడున్నది రోగుల సంగతి. శోధన సంగతి అదే పత్రిక మొదటి అధ్యాయంలో ఉంది: మనిషిని ఈడ్చుకుపోయేది అతని సొంత దురాశేనని యాకోబు తేల్చేశాడు. నూనె మాట దాటిన రెండు వచనాలకే, మీ పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోమనీ అన్నాడు. నూనె దగ్గర ఆగిపోయి ఒప్పుకోలు దాకా రాని చదువు ఎవరికి సుఖమో వేరే చెప్పాలా?

సాతాను లేడని నేననడం లేదు. అరణ్యంలో యేసునే శోధించాడు. దేవాలయ శిఖరం మీదినుంచి దూకు, దూతలు పట్టుకుంటారంటూ కీర్తన వచనమే ఎత్తి చూపాడు. దేవుణ్ణి పరీక్షించకూడదని యేసు తిప్పికొట్టాడు. "నేను విశ్వాసిని, ఊరికే చూసి వచ్చేస్తా, దేవుడే కాపాడతాడు" అంటూ జేబులో డబ్బుతో బరి దగ్గరికి వెళ్లేవాడు, యేసు కాదన్న ఆ దూకుడే దూకుతున్నాడు.

అవతలి పక్షానికి గట్టి వాదన ఒకటుంది. సొంత బలంతో పాపాన్ని గెలవలేం, పౌలంతటివాడే రోమా పత్రికలో తన నిస్సహాయత చెప్పుకున్నాడు కదా అంటారు. ఒప్పుకుంటాను. ఆ పౌలే కొరింథీయులకు రాస్తూ, సహించలేనంత శోధనను దేవుడు రానివ్వడనీ, తప్పించుకునే మార్గమూ కలుగజేస్తాడనీ ధైర్యం చెప్పాడు. ఆ వచనం మనకు కంఠతా వచ్చు. దాని వెంటనే వచ్చే వచనం ఎందరికి వచ్చు? విగ్రహారాధన నుంచి పారిపొమ్మనే ఆజ్ఞ అది. మార్గం తెరిచేది దేవుడు, నడవాల్సింది మన కాళ్లు. పోతీఫరు ఇంట్లో యోసేపు పైబట్ట వదిలేసి పరుగెత్తాడు.

మన ప్రాంతానికి ఈ పాఠం కొత్తదీ కాదు. బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఏ మిషన్ జీతమూ లేకుండా దేవుణ్ణే నమ్ముకుని 1836లో ఇంగ్లండు నుంచి వచ్చారు. వశిష్ఠ గోదావరి అవతలి ఒడ్డున నరసాపురం, పాలకొల్లు వారి పరిచర్యకు కేంద్రాలయ్యాయి. నమ్ముకున్నాం కదా అని చేతులు కట్టుకు కూర్చోలేదు. తెలుగు నేర్చుకున్నారు, ఊరూరా తిరిగారు. అలాగే 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొగుళ్ల మనసు మారేదాకా ఆగలేదు, ముందు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం తెచ్చింది. ఆశ రేపేదాన్ని కంటికి దూరం చేయడం కూడా ఆత్మీయ పోరాటమే.

కాబట్టి కాపరులకు నా మనవి. పండగకు నెల ముందే జూదం, అప్పు అని పేరు పెట్టి ప్రసంగించండి. బరికి పొలం ఇచ్చే విశ్వాసిని నిలదీయండి. ఆ మూడు రోజులూ ఇంటి డబ్బు ఇల్లాలి చేతిలో ఉండేలా చూడండి. బలహీనుడైన సహోదరుడి పక్కన ఒకరు తోడుండండి. గెత్సేమనేలో యేసు శిష్యులను కోరింది మెలకువనూ ప్రార్థననూ కలిపి. మెలకువ వదిలేసి ప్రార్థన మాత్రమే పట్టుకున్న సంఘానికి ఏ నూనే విడుదల ఇవ్వదు.