కెమెరాకి పది శాంపిల్స్, సిగ్నల్‌కి ఒక్క లైను

ఏ ఫోన్ రివ్యూ అయినా తెరిచి చూడండి. కెమెరాకి పది శాంపిల్ ఫొటోలు, గేమింగ్‌కి ఫ్రేమ్ రేట్ గ్రాఫ్‌లు, ఛార్జింగ్‌కి స్టాప్‌వాచ్. సిగ్నల్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "కాల్ క్వాలిటీ బాగుంది, 5జీ స్పీడ్ ఓకే" అని ఒక్క లైను. ఫోన్‌కి అసలు పని అదే కదండీ! పైగా ఆ లైను కూడా రివ్యూకి వచ్చిన యూనిట్ గురించే తప్ప మీ జేబులో ఉన్న యూనిట్ గురించి కాదు. చిప్‌సెట్ ఒకటే, యాంటెనా డిజైన్ ఒకటే అయినా, రేడియో విషయంలో ఏ రెండు ఫోన్లూ అచ్చు గుద్దినట్టు ఉండవు.

ఎందుకో తెలియాలంటే అసెంబ్లీ లైన్ దాకా వెళ్లాలి. 2015లో శ్రీసిటీలో రెడ్‌మీ 2 ప్రైమ్ తయారీ మొదలైన దగ్గర్నుంచీ "మన దగ్గరే ఫోన్లు తయారవుతున్నాయి" అని చెప్పుకుంటున్నాం, మంచిదే. కానీ ఆ ఫోన్ డబ్బాలోకి వెళ్లే ముందు దాని రేడియోని ఎలా పరీక్షిస్తారో మాట్లాడుకునేవాళ్లు తక్కువ. ఏ దేశంలో చూసినా పద్ధతి దాదాపు ఒకటే.

మొదటి పరీక్ష బోర్డు దశలో. అప్పటికి స్క్రీన్ లేదు, బాడీ లేదు, యాంటెనా కూడా లేదు. బోర్డు మీద బియ్యపు గింజంత కనెక్టర్ ఒకటి ఉంటుంది. దానిలోకి ప్రోబ్ దిగగానే యాంటెనా వైపు వెళ్లే దారి తెగిపోయి, సిగ్నల్ మొత్తం కేబుల్ ద్వారా టెస్టర్‌లోకి వెళ్తుంది. పవర్ ఎంత వస్తోంది, ఫ్రీక్వెన్సీ ఎంత పక్కకి జరిగింది, ఈవీఎం ఎంత అని కొలుస్తారు. (ఇది ఓటింగ్ మెషీన్ కాదు లెండి, పంపిన సిగ్నల్ ఉండాల్సిన చోటు నుంచి ఎంత చెదిరిందో చెప్పే లెక్క.) వైఫై 6లో 1024-క్వామ్ వాడాలంటే అది మైనస్ 35 డీబీ దాకా శుభ్రంగా ఉండాలి. అంతకంటే చెదిరితే, డబ్బా మీద రాసిన స్పీడ్ డబ్బా మీదే మిగులుతుంది.

కొలవడంతో పని అయిపోదు, సరిదిద్దడం కూడా ఇక్కడే. ప్రతి క్రిస్టల్‌కీ, ప్రతి పవర్ యాంప్లిఫయర్‌కీ చిన్న చిన్న తేడాలుంటాయి. ఆ యూనిట్‌కి ఎంత దిద్దుబాటు కావాలో లెక్కగట్టి ఫోన్ మెమరీలోనే రాసేస్తారు. కస్టమ్ రామ్‌లు ఫ్లాష్ చేసేవాళ్లు "ముందు ఈఎఫ్ఎస్ బ్యాకప్ తీసుకో" అని మొత్తుకునేది ఇందుకే. ఐఎంఈఐతో పాటు ఇలాంటి డేటా కూడా చాలా ఫోన్లలో అలాంటి విభాగాల్లోనే ఉంటుంది. పక్కోడి ఫోన్ ఫైల్ తెచ్చి అతికిస్తే అది వాడి యాంప్లిఫయర్‌కి కుట్టిన చొక్కా, మీ ఫోన్‌కి సరిపోదు.

ఇక్కడ సమయం అంటే డబ్బు. ఒక్కో ఫోన్ మీద ఎక్కువసేపు ఆగితే లైను ఆగుతుంది. అందుకే నిజమైన కాల్ కలపకుండా, చిప్‌కి నేరుగా ఆదేశాలిచ్చి చకచకా కొలిచే పద్ధతి వచ్చింది. దాన్ని నేను తప్పుపట్టను. నా పేచీ తర్వాతి దశతో.

బాడీ బిగించాక ఫోన్‌ని లోహపు షీల్డ్ బాక్సులో పెట్టి, దగ్గర్లోని చిన్న యాంటెనాతో గాలిలో పరీక్షిస్తారు. యాంటెనా స్ప్రింగ్ సరిగ్గా తగులుతోందా, లోపలి కేబుల్ క్లిప్ పడిందా అని తెలిసేది ఇక్కడే. కానీ ఫోన్ కాస్త పక్కకి జరిగినా రీడింగ్ మారిపోతుంది కాబట్టి పాస్ గీతని కొంచెం విశాలంగానే గీస్తారు. పైగా ఆ బాక్సుని సరిచూసేది 'గోల్డెన్ శాంపిల్' అనే రిఫరెన్స్ ఫోన్‌తో. అది పాతబడినా, కేబుల్ అరిగినా ఆ స్టేషన్ మీదుగా వెళ్లిన ఫోన్లన్నిటికీ ఒకే తప్పు అంటుకుంటుంది.

విశాలం అంటే ఎంతో చెప్తా. 4జీ ఫోన్ గరిష్ఠ పవర్ మామూలుగా 23 డీబీఎం, అటూ ఇటూ 2 డీబీ దాకా ప్రమాణమే ఒప్పుకుంటుంది. అంటే ఒక ఫోన్ 125 మిల్లీవాట్లతో, ఇంకోటి 316 మిల్లీవాట్లతో అరిచినా రెండూ పాసే! కంపెనీలు ఇంతకంటే బిగువైన గీతలు పెట్టుకోవచ్చు. ఎంత బిగువో కొనేవాడికి చెప్పరు, అదే నా కోపం. సిటీలో టవర్ పక్కన ఈ తేడా ఎవరికీ కనబడదు. ఊరి చివర ఇంట్లో, ఓటీపీ కోసం డాబా ఎక్కేవాడికి కనబడుతుంది.

"సర్టిఫికేషన్ ఉంది కదా" అంటారు. అది కొద్ది శాంపిల్స్‌కి జరిగే ల్యాబ్ పరీక్ష. *#07# కొడితే వచ్చే సార్ విలువ మోడల్‌ది, మీ యూనిట్‌ది కాదు. ల్యాబ్ ఎంత పెద్దదైనా అన్నీ దొరకవనడానికి 2010 నాటి ఐఫోన్ 4 గొడవ చాలు. 10 కోట్ల డాలర్ల యాంటెనా ల్యాబ్ ఉందని చూపించిన ఆపిల్ కూడా చివరికి ఉచితంగా కవర్లు పంచింది.

అందుకే రెండు అడుగుతున్నా. మొదటిది రివ్యూవర్లని: ఒకే మోడల్ రెండు యూనిట్లు తీసుకోండి, ఒకే సిమ్, ఒకే గది, ఒకే మూల. సెట్టింగ్స్‌లో సిమ్ స్టేటస్‌లో కనిపించే డీబీఎం అంకెని పదిసార్లు రాసుకుని సగటు వేయండి. గీతలు లెక్కపెట్టకండి, ఏ అంకెకి ఎన్ని గీతలో ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క.

రెండోది కంపెనీలని. స్క్రీన్ మార్చడానికి ఫోన్ తెరిచిన ప్రతిసారీ అదే స్ప్రింగులు, అదే కేబుల్ కదులుతాయి. ఫ్యాక్టరీలో షీల్డ్ బాక్సు దాటకుండా ఒక్క ఫోన్‌నీ బయటికి వదలరే, రిపేర్ తర్వాత "కాల్ వెళ్తోంది, తీసుకెళ్లండి" అంటే ఎలా? అధీకృత సర్వీస్ సెంటర్‌లోనైనా ఆ చివరి పరీక్ష మళ్లీ చేసి, అంకెల్ని బిల్లు మీద అచ్చేసి ఇవ్వండి.