కేసు కన్నా ముందు చికిత్స

పల్నాడు జిల్లా కలెక్టర్ గారికి,

గంజాయిపై నిషేధాన్ని సవాలు చేస్తూ గ్రేట్ లీగలైజేషన్ మూవ్‌మెంట్ ఇండియా ట్రస్ట్ 2019లో ఢిల్లీ హైకోర్టుకెళ్లింది. పోర్చుగల్ అయితే 2001లోనే కొద్దిపాటి సొంత వాడకాన్ని నేరాల జాబితా నుంచి తప్పించింది, అమ్మకాన్ని మాత్రం కాదు. మా క్రోసూరులో అమ్మకానికి అనుమతి నేనూ కోరను. కానీ అలవాటుపడ్డ కుర్రాణ్ణి జైలు బాగుచేయదన్న మాట నిజం.

మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టంలోనే 64ఏ సెక్షన్ ఉంది. వ్యసనపరుడు కొద్దిపాటి సరుకుతో దొరికినా, తనంతట తాను గుర్తింపు పొందిన కేంద్రంలో చేరి చికిత్స పూర్తిచేస్తే విచారణ నుంచి రక్షణ ఉంటుంది. ఈ సంగతి ఎందరు తల్లులకు తెలుసండీ? పరువు పోతుందని బిడ్డల్ని ఇళ్లలోనే దాచుకుంటున్నారు. పోలీస్ స్టేషన్లో, ప్రభుత్వాసుపత్రిలో తెలుగు బోర్డు పెట్టించండి. వారానికో రోజైనా క్రోసూరుకు మానసిక వైద్యుణ్ణి పంపండి.

ఇట్లు,
క్రోసూరు వాసి