తెలుగు క్రియ మీద అపవాదు

సంపాదకులు గారికి,

ఇంగ్లీషు నేర్చుకునే పెద్దవాళ్ల కోసం మీరు మొదలుపెట్టిన శీర్షికలో పోయిన వారం క్రియల పాఠం వచ్చింది. క్రియ అంటే పని అన్న నిర్వచనంతో మొదలై, తెలుగు క్రియకు ఇంగ్లీషులో ఉన్నన్ని రకాలు లేవని చెప్పి, ఇంగ్లీషు రావాలంటే ముందు తెలుగు మరిచిపోవాలన్న సలహాతో ముగిసింది. లేవట! సకర్మకం, అకర్మకం, సమాపకం, అసమాపకం అని మనం బళ్లో చదివిన పేర్లు మరి దేనివి? 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి క్రియకు ఒక పరిచ్ఛేదమే కేటాయించారు. ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు క్రియాధాతువుల మీదే ఒక పుస్తకం రాస్తే, 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం దాన్ని అచ్చువేసింది. లేని వస్తువు మీద అంత కాగితం ఎవరు ఖర్చుపెడతారండీ?

మన తప్పులన్నిటికీ తెలుగే కారణమని మీ వ్యాసకర్త తేల్చేశారు. "ఐ యామ్ నోయింగ్" సంగతే చూద్దాం. "నేను తెలుస్తున్నాను" అనే తెలుగువాడు ఎక్కడైనా ఉన్నాడా? నాకు తెలుసు, నాకు ఇష్టం, నాకు ఇద్దరు పిల్లలు అంటాం. పని చేసేటప్పుడు "నేను", స్థితి చెప్పేటప్పుడు చాలాచోట్ల "నాకు". పనికీ స్థితికీ ఉన్న ఈ తేడా తెలిసిన మనిషికి, క్రియ అంటే పనే అని చెప్పి, ఇప్పుడు జరిగేదానికల్లా "ఇంగ్" తగిలించమంటే "నోయింగ్" రాక ఏం వస్తుంది? తప్పు నేర్పింది ఆ నిర్వచనం. "నమ్ముతున్నాను" అన్న అలవాటుతో "ఐ యామ్ బిలీవింగ్" అనేవాళ్లు లేరా అని అడగవచ్చు. ఉన్నారు, అక్కడ తెలుగు అడ్డొస్తుంది. కానీ ఎక్కడ అడ్డొస్తుందో చూపించాలన్నా తెలుగును పక్కన పెట్టుకోవాల్సిందే కదా.

ఇక "డిడ్ యూ వెంట్". దీనికి మీ పాఠం ఇచ్చిన మందు, డిడ్ తర్వాత వీ వన్ అని బట్టీపట్టడం. వీ వన్, వీ టూ, వీ త్రీ పట్టికలు మనవాళ్లు తరతరాలుగా వల్లిస్తూనే ఉన్నారు, తప్పు మాత్రం పోలేదు. "వచ్చి, తిని, పడుకున్నాడు" అన్న వాక్యంలో ఎవరు, ఎప్పుడు అన్నది చివరి క్రియ ఒక్కటే చెబుతుంది. వచ్చాడు తిన్నాడు పడుకున్నాడు అని ప్రతిదానికీ తగిలించనక్కర్లేదు. ఇంగ్లీషులోనూ క్రియల వరుసలో కాలాన్ని మోసేది ఒక్కటే, కాకపోతే అది మొదటిది: డిడ్ గో, వాజ్ గోయింగ్, హాజ్ గాన్. మనకు చివర, వాళ్లకు మొదట. ఈ ఒక్క ముక్క చెబితే అరవై ఏళ్ల అమ్మమ్మకైనా "వెంట్" ఎందుకు కుదరదో అర్థమవుతుంది.

"ఆయన డాక్టరు" అన్న వాక్యంలో క్రియ లేకపోవడం తెలుగు లోపమట. ఈ జెర్సీ సిటీలో జర్నల్ స్క్వేర్ చుట్టుపక్కల ఈజిప్టువాళ్లు చాలామంది ఉన్నారు. వర్తమానంలో వాళ్ల అరబ్బీ కూడా ఇలాంటి చోట క్రియను వాడదు. రష్యన్ కూడా అంతే. ఇంతమంది లోపంతో బతుకుతున్నారన్నమాట! హడ్సన్ కౌంటీ కమ్యూనిటీ కాలేజీ ఇంగ్లీషు తరగతులకు వచ్చే తెలుగు వ్యక్తికి, పక్క బెంచీలోని అరబ్బీ వ్యక్తికి "ఈజ్" దగ్గర ఒకే ఇబ్బంది ఎందుకొస్తుందో మీ పాఠం వివరించి ఉంటే ఎంత బాగుండేది.

ఇంగ్లీషులోనే ఆలోచిస్తే తప్ప ఇంగ్లీషు రాదనే వాదన ఉంది. అయిదేళ్ల పిల్లవాడి విషయంలో ఒప్పుకుంటాను. పెద్దయ్యాక వచ్చినవాళ్లకు ఆలోచించే భాష ఒకటి అప్పటికే ఉంటుంది, దాన్ని మరిచిపొమ్మంటే మరుపు రాదు. 1840లో బ్రౌన్, 1873లో ఆర్డెన్ దొరలు ఇంగ్లీషువాళ్లకు తెలుగు నేర్పడానికి వ్యాకరణాలు రాశారు. వాళ్ల భాషలోనే వివరించారు, ముందు ఇంగ్లీషు మరిచిపోయి రమ్మనలేదు.

అన్నట్టు, తెలుగు క్రియను అంత చిన్నచూపు చూసిన అదే సంచికలో మీ వార్తలు చూశాను. సమావేశం "నిర్వహించబడింది", అతిథులు "సన్మానించబడ్డారు", భోజనాలు "వడ్డించబడ్డాయి". ఏ ఇంట్లోనైనా అన్నం వడ్డించబడుతుందా? ఇంగ్లీషు కర్మణి వాక్యాన్ని తెచ్చి తెలుగు మీద రుద్దే పత్రిక, మా ఇంగ్లీషును తెలుగు పాడుచేస్తోందని మాకు పాఠం చెప్పడం భలేగా ఉంది.

వచ్చే వారం కెన్, మే, మస్ట్ వంతు అని ప్రకటించారు. చేయగలను, చేయవచ్చు, చేయాలి అనేవి తెలుగులో ఇప్పటికే ఉన్నాయి. "చేయనక్కర్లేదు", "చేయకూడదు" అనేవాటికి ఉన్న తేడాయే "నీడ్ నాట్", "మస్ట్ నాట్" దగ్గర జనం తడబడే చోటు. అవి పక్కపక్కన అచ్చువేయండి. స్థలం చాలకపోతే ఆ "బడింది"లు తీసేయండి, రెండు వాక్యాలకు చోటు దొరుకుతుంది.

ఇట్లు,
జెర్సీ సిటీ పాఠకుడు