అలంకారములు - వల్లెవేత

పదవ తరగతి పరీక్షలు సమీపించుచుండగా మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల యిండ్లలో వేకువనే వినవచ్చు వల్లెవేత మన పాఠకులకు క్రొత్తది గాదు. ఉపమాలంకార లక్షణము, దాని వెంట ముఖమును చంద్రబింబముతో బోల్చు నదే వాక్యము. వాక్యమును మార్చి యడిగితిమా, పెక్కుమంది బాలురు నోరు మెదపరు.

ఇందుకు బాలురను నిందింప బనిలేదు. వాన కురియక సాగిపోవు మబ్బును జూచి మెట్టరైతు "గొడ్డుటావువలె నున్నది" యనెనేని అది యుపమ. "ఈ మబ్బు గొడ్డుటావే" యనినచో భేదము తొలగి రూపకమగును. "ఈ మబ్బు గొడ్డుటావా యన్నట్లున్నది" యని యూహించెనేని ఉత్ప్రేక్ష. ఒక్క మబ్బున మూడలంకారములు! ఇంతటి సొత్తు ఇంటనే యుండగా గైడు పుస్తకములకు రూకలు పోయుచున్నాము. దండి కావ్యాదర్శమున 35 అర్థాలంకారములను జెప్పెను. అప్పయ్య దీక్షితుల కువలయానందమున ఆ లెక్క 100 దాటినది. వారు పేరిడుటకు మున్నే జనులు వానిని బలుకుచుండిరి.

ఛందస్సు సంగతి వేఱు. ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ గణములనియు, 10వ యక్షరము యతిస్థానమనియు జ్ఞాపకముంచుకొనక తప్పదు. అయినను పద్యమును గొంతెత్తి చదివి, పలకపై గురులఘువులను గుర్తించిన వానికి అది భారము గాదు. ఎన్నెన్నో బడులకు పలకల నంపిన మార్కాపురమున పలకకు గఱవా?

వాక్యమునిచ్చి అలంకారమును గుర్తింపుమని పరీక్షలో నడుగుట మంచిదే. ఆ వాక్యము పాఠ్యపుస్తకమునందు గాని గైడునందు గాని లేనిదై యుండవలెనని మేము కోరుచున్నాము. మార్కులు తగ్గునని తల్లిదండ్రులు మొఱపెట్టుదురు. మొదటి యేట తగ్గిన దగ్గనిండు.