సూరత్ చీరకు మన సొమ్మా?

నీళ్లు, నిధులు, నియామకాలని కొట్లాడినం. నియామకమంటే గ్రూప్-1 ఒక్కటే అన్నట్టు మాట్లాడుతున్నారు పాలకులు. సిరిసిల్లలో సాంచె నడిపేది కొలువు కాదా?

2017లో తొలిసారి బతుకమ్మ చీరలు పంచారు. ఖర్చు 220 కోట్ల పైచిలుకు. నేతన్నల కోసమేనన్నారు. తీరా చూస్తే దాదాపు సగం సూరత్ సరుకు! టైం లేదట. బతుకమ్మ ఎప్పుడొస్తదో సర్కారుకు తెల్వదా? ఎండాకాలంలోనే ఆర్డరిస్తే సాంచాలు నేయవా? తర్వాతి ఏండ్లలో అదే సిరిసిల్ల నేసి చూపించింది. ఒక్క చీర వెనక వార్పిన్ కార్మికుడు, వైపని కార్మికుడు, సాంచె కార్మికుడు, ఆసామి ఇంతమంది బతుకుతారు. చవక టెండరు లెక్కలో వీళ్ల కూలి కనబడదు, భీవండి బస్సెక్కే కుటుంబాలూ కనబడవు.

2024 జనవరిలో ఆర్డర్లు లేక, బకాయిలు రాక అక్కడి వస్త్ర పరిశ్రమ బందయింది. జెండా మారితే సాంచె ఆగాల్నా?

బోధన్ నిజాం షుగర్స్‌దీ ఇదే గతి. 2002లో 51 శాతం వాటా ప్రైవేటుకు అప్పజెప్పిన ఆంధ్రా పాలకులను తిట్టినం, న్యాయమే. స్వాధీనం చేసుకుంటామన్న మనోళ్ల హయాంలోనే 2015 డిసెంబర్‌లో మూతపడితే మొక్కుదమా?

బడిపిల్లల యూనిఫాం, హాస్టల్ దుప్పటి ఏటా కావల్సినవే. ఆ ఆర్డరు ఏడాది ముందే స్థానిక సాంచాలకు రాసియ్యాలె, బిల్లు నెల లోపల కట్టాలె. ఉద్యోగ సంఘాలు పీఆర్సీ వినతిపత్రంలో ఈ ముచ్చట కూడా చేర్చాలె.